పదకొండు కమానుల మేస్త్రమ్మ

మా మేనత్త మూడంతస్తుల మేడను రెండు వేళ్ల మీద పంతొమ్మిది రోజులు నిలబెట్టింది. మూడో వేలు ఖాళీగా ఉందని దాంతో టీ గ్లాసు పట్టుకుంది. నవ్వదలచుకున్నవాళ్లు ముందు మా వీధికి వచ్చి, ఆ మేడ కింద నిలబడి నవ్వాలి.

ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లకు ఈ పాత పేటను తిప్పి చూపించడం నా పని. ఆ పని నాకెవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. నేను బడిని వదిలేశానో, బడే నన్ను వదిలేసిందో ఇంకా తేలలేదు గానీ, ఆనాటి నుంచీ చదువుతున్నది ఈ వీధినే. కాబట్టి నేను చెప్పేదంతా నిజం. కొంచెం పెరిగిన నిజం.

మేడకు కింద వరసగా పదకొండు కమానులు. ఒక్కో కమాను కింద ఒక్కో దుకాణం. పైన ఇనప కటకటాల వసారాలు, తలుపుల నెత్తిన రంగు అద్దాలు, మూడో అంతస్తుకు నలభై రెండు కర్రమెట్లు. గుండీలు తప్ప మరేమీ అమ్మని దుకాణం ఒకటుంది. మీ తాత చొక్కాకు ఏనాడో ఊడిన గుండీకి కూడా అక్కడ జోడు దొరుకుతుంది. రెండో కమాను కింద కళ్లద్దాల షాపు. సరిగ్గా నడుమ, ఆరో కమాను కింద మా మామయ్య హోటలు. ఎనిమిది పాలరాతి బల్లలు. రొట్టె, బంగాళాదుంపల కూర, ఉడికించిన గుడ్డు, టీ. ఇవి కాక ఇంకేమైనా అడిగితే మామయ్య ఆ మనిషి వంక జాలిగా చూస్తాడు.

మామయ్య భార్యే మా అత్త. వీధి మొత్తానికి ఆమె మేస్త్రమ్మ. సున్నం పనిలో ఆమె తండ్రికి, అంటే మా తాతకు, ఈ నగరంలో సాటి లేదంటారు. ఆ తాపీ అత్త చేతికొచ్చింది. మా నాన్న చేతికి రావలసింది గానీ, ఆయనకు నిచ్చెన మూడో మెట్టు మీదే కళ్లు తిరిగేవి. గోడ కనిపిస్తే అత్త వేలి కణుపులతో తట్టకుండా ఉండలేదు. ఒకసారి మామయ్యకు జబ్బు చేసి ఆస్పత్రిలో ఉంటే చూడ్డానికి వెళ్లి, ముందు వార్డు గోడ తట్టి, "గోడ బాగానే ఉంది" అని, ఆ తర్వాతే మంచం వైపు తిరిగింది.

ఇప్పుడు అసలు సంగతి. ముప్ఫై ఏళ్ల కిందట పదకొండు దుకాణాలవాళ్లూ ఒక మాట అనుకుని, పాత సున్నం గోడల మీద దళసరిగా సిమెంటు పూత పూయించారు. గట్టిగా ఉంటుందని. అప్పటికి అత్తకు పెళ్లై ఆరు నెలలు. "సున్నం గోడ ఊపిరి పీల్చుకుంటుంది, దాని ముక్కు మూయకండి" అని ఆమె అంటే అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది కొత్త పెళ్లికొడుకు మామయ్యే. ఆ నవ్వును అత్త ఇన్నేళ్లూ ఎక్కడో భద్రంగా దాచుకుంది.

కొన్నాళ్లకు ఆ పూత మీద పగులు వచ్చింది. ఇక్కడే మా వీధి తెలివితేటలు బయటపడతాయి. పగులు తన ఒక్కడి గోడకే వచ్చిందనుకుని, పక్కవాడికి తెలిస్తే పరువు పోతుందని, ఎవరికి వాళ్లు దాన్ని దాచేశారు. కళ్లద్దాలాయన పెద్ద బోర్డు తగిలించాడు. గుండీలవాళ్లు అర బిగించారు. మామయ్య నిలువుటద్దం పెట్టించి, "గిరాకీలు తల దువ్వుకుంటారు" అన్నాడు. ఇరవై ఏళ్లపాటు పదకొండు మంది ఒకే పగులును పదకొండు రకాలుగా కాపాడారు.

పోయిన ఏడాది కళ్లద్దాలాయన బోర్డు మార్చడానికి పాతది దింపాడు. అదే ఉదయం మునిసిపాలిటీ ఇంజనీరు వీధిలోకి వచ్చాడు. పగులు చూశాడు. పక్క దుకాణంలో అర జరిపించాడు, అక్కడా పగులే. అలా దుకాణం తర్వాత దుకాణం వస్తూ మామయ్య అద్దం ముందు ఆగాడు.

"దీని వెనకేముంది?"

"ఏముంటుంది సార్, గోడే" అన్నాడు మామయ్య.

అద్దం దించారు. గోడా ఉంది, పగులూ ఉంది. సాయంత్రానికి పదకొండు కమానుల మీదా ఎర్ర గీతలు పడ్డాయి. నెల రోజుల్లో ఖాళీ చేయాలి, తర్వాత మేడను కూల్చేస్తారు. మామయ్య హోటలు మధ్య బల్ల దగ్గర కూర్చుని, అలవాటు లేని పనిగా తన టీ తానే తాగాడు. నలభై ఏళ్ల హోటలు. ఆయన ఇంకో చోట టీ కాయగా ఎవరూ చూడలేదు.

పక్క ఊళ్లో పని ముగించుకుని అత్త మర్నాడు వచ్చింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచింది. తట్టింది. చెవి ఆనించింది. గుండు కట్టిన దారం పై అంతస్తు నుంచి వేలాడదీసి ఒంటి కన్నుతో చూసింది. తిరిగొచ్చి మామయ్య ఎదురుగా కూర్చుంది.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు చెప్పిందే నిజమని ఒప్పుకోవాల్సొస్తుందని."

"ఇరవై ఏళ్లు అద్దం మోశారా అందుకని?"

"అద్దం గోడ మోసింది. నేను మొహమే మోశాను" అన్నాడు మామయ్య. అత్త పెదవి బిగించింది గానీ, నవ్వు కళ్లలోంచి తప్పించుకుంది.

ఇంజనీరు కొలతలకు వచ్చినప్పుడు ఆమె ఎదురెళ్లింది.

"సార్, గోడ పగిలితే ఇటుకల సందులు పట్టుకుని మెట్లు మెట్లుగా పోతుంది. ఇది చూడండి, ఈ చివర్నించి ఆ చివరికి తాడు పట్టి గీసినట్టుంది. ఇది పగులు కాదు, పరంజా గీత. పై సగం పరంజా ఎక్కి ఒక రోజు పూశారు, కింది సగం నేల మీద నిలబడి ఇంకో రోజు. రెండు పూతలూ కలిసే చోట విడిపోయింది. గోడకేం కాలేదు."

"ఈ హోటలు ఎవరిదమ్మా?"

"మా ఆయనది."

"మరి మీ మాట నేనెలా నమ్మను?"

అందులో తప్పేం లేదు. అత్త కూడా తప్పు పట్టలేదు. "నన్ను నమ్మొద్దు. గోడనే అడగండి. మీ దగ్గర పద్ధతి ఉంటుందిగా" అంది.

ఉంది. పగులుకు అడ్డంగా పలచని గాజు పట్టీ పెట్టి, రెండు కొసలూ సిమెంటు ముద్దతో అతికిస్తారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పుటుక్కుమంటుంది. పదకొండు కమానులకు పదకొండు పట్టీలు అంటించాడు. ఇరవై ఒక్క రోజులు గడువు. ఒక్కటి విరిగినా మేడ కూలుతుంది. అత్త సరేనంది.

ఆ రోజుల్లో మా వీధి ఎలా బతికిందో నన్నడగండి. తుమ్ము వస్తే జనం మూల తిరిగి పక్క వీధిలో తుమ్మి వచ్చేవాళ్లు. ఉల్లిపాయలు తరిగే చప్పుడుకు గోడ అదురుతుందేమోనని మామయ్య చేత్తో తుంచేవాడు. కర్రమెట్ల మీద అందరూ పిల్లుల్లా ఎక్కారు, పిల్లులు ఇంకా నెమ్మదిగా ఎక్కాయి. అత్త మాత్రం హోటలు గుమ్మంలో కుర్చీ వేసుకుని, రెండు వేళ్లు గోడకు ఆనించి, టీ తాగుతూ కూర్చుంది. మేడ మోయడమంటే అదే మరి.

పంతొమ్మిదో రోజు పొద్దున్నే కళ్లద్దాల షాపు ముందు నుంచి కేక వినబడింది. గాజు పట్టీ విరిగింది.

ఇంజనీరు వచ్చేసరికి వీధంతా అక్కడే ఉంది. అత్త నిచ్చెనెక్కి పట్టీని చూసి, కిందికి చూసింది.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"

కళ్లద్దాలాయన తన జేబులోని మెత్తటి గుడ్డను ఇంకా లోపలికి తోశాడు.

"రోజూ తుడిచాను మేస్త్రమ్మా. గాజు కదా. దుమ్ము పట్టిన గాజును చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు."

"ముప్ఫై ఏళ్ల నుంచి నా కళ్లజోడు తుడవమంటే మాత్రం రేపంటావు" అన్నాడు మామయ్య, అంత గండంలోనూ.

"గాజు పగులు మీద విరగలేదు సార్. కొస దగ్గర, వేలు నొక్కిన చోట విరిగింది" అంది అత్త.

ఇంజనీరు నిచ్చెనెక్కి చూశాడు. నిజమే. అయినా తల అడ్డంగా ఊపాడు. "ఒక్కటి విరిగినా అనుకున్నాం కదమ్మా. రేపు ఇది కూలి ఎవరి మీదైనా పడితే, తుడిచినందుకు విరిగిందని నేను రాయలేను."

అత్త నిచ్చెన దిగి, సంచిలోంచి సుత్తీ ఉలీ తీసింది.

"అయితే లోపలికే చూద్దాం. ఎక్కడ కొట్టాలో మీరే చూపించండి. అన్నిటికంటే చెడ్డ చోటు. పగులు సున్నంలోకి దిగి ఉంటే, హోటలు బల్లలు నా చేత్తో నేనే బయట పెడతాను."

ఇంజనీరు పదకొండు కమానులూ తిరిగి, ఆరో దాని ముందు ఆగాడు. మామయ్యది. అక్కడ పగులులో చిటికెన వేలి గోరు దూరుతుంది. మామయ్య అత్త వైపు చూసి, నిచ్చెన పట్టుకున్నాడు.

అత్త తట్టింది. డొల్లగా మోగింది. ఉలి కొసను పగులులో పెట్టి, సుత్తితో ఒక్కటే దెబ్బ వేసింది. నేనైతే మెరుపు వచ్చిందంటాను. తలుపంత సిమెంటు పెచ్చు ఊడి నేల మీద పడింది. దుమ్ము లేచి ఎవరూ ఎవరికీ కనబడలేదు.

దుమ్ము తగ్గాక గోడ కనిపించింది. పాల మీగడ రంగు సున్నం. గీత లేదు, గాటు లేదు. కమాను అంచు వెంట సున్నంతోనే మలిచిన ద్రాక్ష తీగ, ఆకు ఈనెతో సహా. ముప్ఫై ఏళ్లుగా చీకట్లో కూర్చున్న తీగ. ఇంజనీరు టార్చి వేసి చూశాడు, అరచేయి ఆనించాడు, తర్వాత ఎవరూ చెప్పకుండానే వేలి కణుపులతో తట్టాడు. గట్టిగా, నిండుగా పలికింది.

"ఇలాగేనా అమ్మా?" అన్నాడు.

"ఇలాగే సార్" అంది అత్త.

ఆయన అక్కడికక్కడే కాగితం తీసి కూల్చివేత మాట కొట్టేశాడు. పాత పూత మొత్తం తీసేసి సున్నంతోనే బాగుచేయాలని, ఆ పని మేస్త్రమ్మే చేయాలని రాశాడు. వీధి ఎంత గట్టిగా అరిచిందంటే, విరిగిందీ, పెచ్చుతో ఊడిందీ పోగా మిగిలిన తొమ్మిది పట్టీలూ అప్పుడు విరగాలి. విరగలేదు. రాసుకోండి.

ఆ పనికి అయిదు నెలలు పట్టింది. పదకొండు కమానులకు పదకొండు రకాల తీగలు బయటపడ్డాయి. ఏ రెండూ ఒకటి కావు. ఇప్పుడు వాటిని చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. గుండీలు కొంటారు, కళ్లద్దాలు కొంటారు, మామయ్య బల్ల కోసం వరసలో నిలబడతారు. ఇంజనీరు తన కింద పనిచేసేవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, గోడ తట్టడం నేర్పమని అత్తకు అప్పగిస్తాడు. ఆయనకు టీతోపాటు గుడ్డు కూడా, అడక్కుండానే. మామయ్య ఒకప్పుడు పగులున్న చోటల్లా వేలు పెట్టి చూపిస్తూ, "మా ఆవిడ ఆనాడే చెప్పింది, నేనే నవ్వాను" అని గిరాకీలకు స్వయంగా చెబుతున్నాడు. అత్త వినీ విననట్టు బల్లలు తుడుస్తుంది. ఒకే బల్లను మూడుసార్లు తుడుస్తుంది.

నిన్న పాతికమందికి ఈ కథంతా చెప్పి, అత్తను చూపించి, "ఈ రెండు వేళ్లే" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అత్త చేతికంటిన సున్నం కడుక్కుంటూ వాళ్లతో అంది:

"వీడి మాటలు పట్టించుకోకండి. నేను దేన్నీ మొయ్యలేదు. పూత చెడిపోయింది, గోడ బాగుంది. అంతే."