మూడో ట్రంపెట్ కాగితం

స్వింగ్ సంగీతం నేను మొదటిసారి విన్నది నిచ్చెన మీద నిలబడి. బహ్రెయిన్‌లో బుదైయా దారిలో ఉన్న ఒక క్లబ్బు హాల్లో ఏసీ చల్లగా రావడం లేదని కంప్లయింటు వస్తే మా కంపెనీ నన్ను పంపింది. నేను సీలింగులో తల దూర్చి ఫిల్టర్లు విప్పుతున్నాను. కింద ఎవరెవరో వచ్చి కుర్చీలు జరుపుకుంటున్నారు. కాసేపటికి వాళ్లంతా ఒక్కసారిగా ఊదారు. నిచ్చెన మీద ఉన్న నా కుడికాలు నన్నడక్కుండానే తాళం వేయడం మొదలుపెట్టింది. నిచ్చెన ఊగింది, చేతిలో ఫిల్టరు ఒరిగింది, ఆర్నెల్ల దుమ్ము సరాసరి కింద సాక్సఫోన్ వాయిస్తున్న తెల్లాయన నెత్తిన పడింది.

ఆయన తిట్టే ఉంటాడు. నాకు మాత్రం ట్రంపెట్లు మోగుతున్నప్పుడు తిట్లు వినపడవు.

బహ్రెయిన్‌కు రాకముందు జగిత్యాల దగ్గర ఒక బ్యాండు మేళంలో తొమ్మిదేళ్లు ట్రంపెట్ వాయించాను. ఎర్రకోటు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు, ఎండలో ఉడికిపోయే టోపీ. మాకు స్వరాలు రాసిన కాగితాలు, నోట్సు ఏమీ ఉండేవి కావు. మాస్టరు నోటితో పాడి వినిపిస్తే మేం పట్టుకొని ఊదేవాళ్లం. మా మాస్టరుకు ఒకే ఒక్క పట్టింపు ఉండేది. బరాత్‌లో ఎవరైనా ఆడుతున్నంతసేపు పాట ఆపకూడదు. ఆడేవాడు పెళ్లికొడుకు బావమరిది అయినా, దారిన పోయే తాగుబోతు అయినా సరే, వాడు అలసిపోయి కూర్చున్నాకే మేం ఆపాలి. ఒకసారి పెదాలు నొప్పెడుతున్నాయని నేను నడిమధ్యలో ఆపేశాను. ఆడుతున్న బావమరిది ఒంటికాలి మీద ఉండిపోయాడు. పరువు పోయిందని అలిగి భోజనానికి రాలేదు. వాణ్ని బతిమాలి పంక్తిలో కూర్చోబెట్టేసరికి సాంబారు చల్లారిపోయింది. ఆ రోజు మాస్టరు పెట్టిన చీవాట్లు నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

నిచ్చెన దిగి చూశాను. ముందు వరసలో సాక్సఫోన్లు, వెనక ట్రంపెట్లు, ఓ మూల డ్రమ్ములు. ఇది అచ్చం మా బరాతే! కాకపోతే వీళ్లు కూర్చుని వాయిస్తున్నారు, వెనక గుర్రం మీద పెళ్లికొడుకు లేడు. దెబ్బ మాత్రం కొంచెం వేరుగా ఉంది. సరిగ్గా సమయానికి పడకుండా ఒక్క వెంట్రుకవాసి ఆగి పడుతోంది. కావడి మోసేవాడి నడక ఉంటుందే, అడుగడుక్కీ కాస్త కుంగి లేస్తూ, అలా ఉంది. ట్రంపెట్ల వరసలో మూడో కుర్చీ ఖాళీగా ఉంది. అందులో వాయించే ఆయన ఉద్యోగం అయిపోయి తన దేశం వెళ్లిపోయాడట.

బ్యాండు నడిపించేది ఒక గోవా ఆయన. స్కూల్లో సంగీతం చెప్పి రిటైరయ్యాడు. నేనొక ట్రంపెట్ తీసుకోవచ్చా అని హిందీలో అడిగితే, దుమ్ము కొట్టుకున్న నా యూనిఫాం వంక కిందినుంచి పైదాకా చూసి ఇచ్చాడు. పెళ్లికొడుకు కారు దిగేటప్పుడు వాయించే ముక్క ఒకటి ఊదాను. పదకొండేళ్ల తర్వాత ఊదడం. రెండు చోట్ల గాలి జారింది. అయినా వాళ్లు చప్పట్లు కొట్టారు, దుమ్ము పడిన సాక్సఫోనాయన కూడా కొట్టాడు.

“నోట్సు చదవడం వచ్చా?” అన్నాడు సారు.

నాకు ఒళ్లు మండింది. ఎన్నో వందల పెళ్లిళ్లు చేయించినవాణ్ని పట్టుకొని చదువొచ్చా అంటాడా? “వచ్చు” అన్నాను. అబద్ధం నా కోపంలోంచి పుట్టింది గానీ, నోరు దాటాక కోపం పోయి అబద్ధమే మిగిలింది.

“మంచిది. చదవలేనివాళ్లకు ఇక్కడ కుర్చీ లేదు. ఇప్పటికే ఇద్దర్ని పంపించేశాను,” అన్నాడాయన. శుక్రవారం మధ్యాహ్నం రమ్మన్నాడు.

నయీమ్ పేటలో నేనుండే గదిలో నాతోపాటు ఒక కరీంనగర్ భాయ్ ఉంటాడు. లాండ్రీ వ్యాను నడుపుతాడు. విషయం చెబితే పడీపడీ నవ్వాడు.

“అరే, సదువురాదని ముందుగాల్నే చెప్తే అయిపోవు గదనే! మస్తంటే పొమ్మంటుండె.”

“గదే వద్దంటున్న. పొమ్మంటె నేను పోలేను భాయ్.”

“గా కుర్చీల అంత ఏమున్నదే?”

“నువ్వు వ్యాను తోలినా తోలకున్నా డ్రైవర్‌వే గద. నేను ట్రంపెట్ పట్టకుంటె ఉత్త ఏసీ వాలాని.”

భాయ్ నవ్వు ఆపేశాడు. మర్నాటి నుంచి వ్యానులో ఖవ్వాలీలు మాని నాకోసం స్వింగ్ పాటలు పెట్టడం మొదలుపెట్టాడు. డ్యూటీ అయ్యాక నన్ను ఎక్కించుకొని హమద్ టౌన్ దాకా దుప్పట్లు పంచుతూ తిప్పేవాడు. మా తాతలు కుర్రాళ్లుగా ఉన్నప్పటి పాటలవి. వాటిలో దుఃఖం ఉన్నా అది ఒక చోట కూర్చోదు, లేచి నాలుగడుగులు వేస్తుంది. అందుకే ఇంకా బతికున్నాయనుకుంటాను. రెండు వారాలు పోయేసరికి భాయ్ సిగ్నల్ దగ్గర స్టీరింగు మీద దరువేస్తూ, “ఇగ యల్లా, షురూ జెయ్” అని నాకే సైగ చేసేవాడు.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. రికార్డుల్లో మొదటి ట్రంపెట్ వినిపిస్తుంది. మూడోది ఎంత చెవులు రిక్కించినా దొరకదు. గుంపులో గోవిందా లాంటి ఉద్యోగం దానిది. అందుకని ప్రాక్టీసులో ఒక ఉపాయం పట్టాను. పాట మొదటిసారి వాయించేటప్పుడు బుగ్గలు పొంగించి, వేళ్లు ఆడించి, గాలి మాత్రం ఊదేవాణ్ని కాదు. పక్కన రెండో ట్రంపెట్ వాయించే ఫిలిప్పీన్స్ నర్సమ్మను విని, దానికి కింద ఏం అతుకుతుందో మనసులో కట్టుకొని, రెండోసారి ఊదేవాణ్ని. ఆవిడ పేజీ తిప్పితే నేనూ తిప్పేవాణ్ని. ఆవిడ కళ్లు చిట్లించి కాగితం చూస్తే నేనూ చిట్లించేవాణ్ని. సారు ఏమీ అనలేదు. ఒక శుక్రవారం కొత్త కాగితాలిచ్చాడు. నా కాగితం నిండా ఇంటూ మార్కులే! నా తప్పులన్నీ పట్టుకొని కొట్టేశాడనుకున్నాను. మరీ ఇన్ని తప్పులా అని కాస్త కోపం కూడా వచ్చింది. మూడు వారాలు ఆ ఇంటూలనే చూస్తూ వాయించాను.

నెలకొక శుక్రవారం మధ్యాహ్నం ఆ హాల్లో టీ, కేకు, డాన్సు ఉంటాయి. ముసలి దంపతులు వస్తారు, వాళ్ల దగ్గర అడుగులు నేర్చుకునే ఫిలిప్పీన్స్ కుర్రజంటలు వస్తాయి. ముందు వరసలో పాదాలదాకా ఉండే తెల్లటి తోబు వేసుకొని, చేతికర్ర పట్టుకొని ఒక బహ్రెయినీ పెద్దాయన కూర్చుంటాడు. అందరూ ఆయన్ని బాబా అంటారు. వయసులో ఉన్నప్పుడు చమురు కంపెనీలో గుమాస్తాగా పనిచేస్తూ అక్కడి క్లబ్బులో ఈ డాన్సు నేర్చుకున్నాడట. మోకాలి ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఆడలేదని నర్సమ్మ చెప్పింది. కూర్చున్నచోటే కర్రతో నేలమీద తాళం వేస్తాడు. మా డ్రమ్ములాయన ఎప్పుడైనా దారి తప్పితే ఆ కర్రను చూసి సర్దుకుంటాడు.

ఆ నెల డాన్సు రోజున ఒక పాటలో సారు నాకు సోలో ఇచ్చాడు. పదహారు బార్లు, అంటే మా మేళం లెక్కలో పల్లవి రెండుసార్లు. లేచి నిలబడి సొంతంగా ఏదైనా వాయించి కూర్చోవాలి. వెంటనే సాక్సఫోన్లు అందుకుంటాయి. కాగితంతో పనిలేని చోటు అదొక్కటే కాబట్టి నాకు పండగలా అనిపించింది.

లేచాను. ఊదాను. నాలుగు బార్లు గడిచాయో లేదో, బాబా చేతికర్రను మనవరాలికిచ్చి లేచి నిలబడ్డాడు. జనం పక్కకు జరిగారు. ఆయన కుడికాలు కాస్త ముందుకు, ఎడమకాలు వెనక్కి, భుజాలు మెల్లగా ఊగుతూ. నాకు ఒళ్లంతా పులకరించింది. పదహారు బార్లు అయిపోయాయి. సారు అరచెయ్యి కిందికి చూపించాడు, కూర్చోమని. నాకు చెయ్యి కనపడుతోంది, బాబా కాలూ కనపడుతోంది. ఆడే మనిషి ముందు నేనెలా ఆపుతాను?

మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను. సాక్సఫోన్లు తమ వంతని దూకాయి. కాసేపు చేపల మార్కెట్టు అయింది. సారు పిడికిలి బిగించి వాళ్లను ఆపాడు. డ్రమ్ములాయన నా మొహం చూసి నన్ను వదల్లేదు. ఈలోపు నా కాళ్లు వాటికి తెలిసిన పని అవి చేశాయి. మా మేళంలో ఆడేవాడికి ఎదురుగా వెళ్లి వాయించాలి. వేదిక దిగి బాబా ముందుకు వెళ్లాను. రెండుసార్లు, మూడుసార్లు, నాలుగుసార్లు తిప్పాను. పెదాలు వాచి బూరెలయ్యాయి. బాబా నవ్వుతూ ఆడాడు, ఆడీ ఆడీ కుర్చీలో కూలబడి, రొప్పుతూ, “ఖలాస్!” అన్నాడు. నేను ఆపాను. సారు చెయ్యెత్తి అందర్నీ కలిపి పాట ముగించాడు. హాలంతా హోరెత్తిపోయింది గానీ, సారు మొహంలో మాత్రం నవ్వు లేదు.

లోపలి గదిలోకి పిలిచాడు. నా స్టాండు మీది కాగితం ఆయన చేతిలో ఉంది.

“ఎక్కణ్నుంచి వెనక్కి వెళ్లావో వేలుపెట్టి చూపించు.”

ధైర్యంగా మధ్యలో ఒక చోట వేలు పెట్టాను.

“ఇది డ్రమ్ముల కాగితం,” అన్నాడు. “మూడు వారాలుగా నీ స్టాండు మీద ఇదే ఉంది. ఆ ఇంటూలన్నీ తాళాల దెబ్బలు.”

సిగ్గుతో చచ్చిపోయాను. “నోట్సు చదవడం రాదు సార్,” అని ట్రంపెట్‌ను పెట్టెలో పెట్టేశాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా. ఆ మూడో కుర్చీ తప్ప నాకప్పుడు ఏదీ గుర్తు రాలేదు.

“ఆపమంటే ఎందుకు ఆపలేదు?”

మా మాస్టరు పట్టింపు సంగతి చెప్పాను. అలిగిన బావమరిది సంగతీ చెప్పాను. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి, మూడో ట్రంపెట్ అసలు కాగితం వెతికి, సోలో దగ్గర ఇంగ్లీషులో ఏదో రాసి నా చేతికిచ్చాడు. కూడబలుక్కొని చదివాను. ‘బాబా కూర్చునేదాకా’ అని ఉంది.

“వచ్చే వారం నుంచి గంట ముందు రా, చదవడం నేర్పిస్తాను,” అన్నాడు. “కుర్చీ నీదే. డ్రమ్ముల కాగితం మాత్రం ముట్టుకోకు.”

తర్వాత బ్యాండులోని పదిహేడుమంది కాగితాల మీదా ఆ మాట ఎక్కింది. నా చదువు మాత్రం నత్తనడక నడుస్తోంది. భాయ్ రోజూ పరీక్ష పెడతాడు, వాడికీ రాదు.

ఈ మధ్య ఒక శుక్రవారం మనవరాలు బాబాను చక్రాల కుర్చీలో తోసుకొని వచ్చింది. రెండో మోకాలు కూడా మొరాయించిందట. మా పాట వచ్చింది. లేచాను, పదహారు బార్లు ఊదాను. అప్పుడు తట్టింది, బాబా ఇప్పటికే కూర్చుని ఉన్నాడు! కాగితం ప్రకారం నా పని మొదలుకాకముందే అయిపోయింది. నేను సారును చూశాను, సారు నన్ను చూశాడు. సాక్సఫోన్లు ఊపిరి పీల్చి ఆగిపోయాయి.

బాబా మా అవస్థ చూశాడు. కుడిచెయ్యి పైకెత్తి, వేళ్లతో అడుగులు వేయడం మొదలుపెట్టాడు. ఒక వేలు ముందుకు, ఇంకో వేలు వెనక్కి, అవే అడుగులు. నేను వేదిక దిగాను. ఎన్నిసార్లు తిప్పానో లెక్కపెట్టలేదు. చెయ్యి ఒళ్లోకి దిగాక ఆపాను.

అయిపోయాక సారు పదిహేడు కాగితాలూ, రబ్బరూ, పెన్సిలూ నా ముందు పెట్టాడు. “మార్చాలి. నువ్వే రాయి.”

“ఇంగ్లీషులో తప్పులు పోతాయి సార్.”

“నీకు వచ్చిన భాషలో రాయి.”

పాత మాట చెరిపేసి, అన్నింటిమీదా గుండ్రటి తెలుగులో ‘బాబా చెయ్యి దించేదాకా’ అని రాశాను. మరుసటి శుక్రవారం ప్రాక్టీసులో పాట ఆ చోటికి వచ్చేసరికి బ్యాండంతా ఆగిపోయింది. మొదటి ట్రంపెట్ తెల్లాయన కాగితాన్ని కళ్లకు దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పెట్టి చూస్తున్నాడు. నర్సమ్మ కళ్లు చిట్లించి, చివరికి నా మోచేతిని పొడిచి, ఏం రాసుందని అడిగింది.

నేను లేచి, ఒక్కొక్కరి స్టాండు దగ్గరికీ వెళ్లి, వేలుపెట్టి చదివి చెప్పాను.