వెనిగర్ కుండలో గుడ్లు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే మనిషిని నేను. పోయినవాళ్ళు పోయారనే అనుకుంటాను, ఇప్పటికీ. అందుకే ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇంకో కారణం కూడా ఉంది. ఇది గుర్తొస్తే నాకు భయం వేయదు. రోత పుడుతుంది.

తొంభైల మధ్యలో మేము దోహాలో, ముషైరిబ్‌లో ఉండేవాళ్ళం. ఆ బిల్డింగ్ ఇప్పుడు లేదు, వీధి మొత్తం పడగొట్టి కొత్తగా కట్టారు. మా ఎదురు ఫ్లాట్‌లో సియూలాన్ అని మలేషియా చైనీస్ అమ్మాయి ఉండేది. భర్త వెంగ్‌కి రాస్ లఫ్ఫాన్ గ్యాస్ ప్లాంట్ సైట్‌లో ఉద్యోగం. మలేషియాలో, ఈపో ఊళ్ళో ఆమె పుట్టింటి పక్కన తమిళులు ఉండేవారట. అందుకని నన్ను మొదటిరోజు నుంచీ 'అక్కా' అనేది. మిగతా మాటలన్నీ ఇంగ్లీషులోనే.

ఆమెకి ఎనిమిదో నెల రాగానే వాళ్ళమ్మ పురుడు పోయడానికి వచ్చింది. సామానులో సగం ముదురు అల్లం, నల్ల వెనిగర్ సీసాలు, ఒక మట్టికుండ. వాళ్ళలో అదొక పద్ధతి. కాన్పుకి ముందే తల్లి కూతురి కోసం తియ్యటి నల్ల వెనిగర్‌లో అల్లం వేసి రోజూ మరిగిస్తూ ఉంటుంది. బిడ్డ పుట్టాక ఉడికించి ఒలిచిన గుడ్లు అందులో వేస్తుంది. బాలింత నెలంతా అది తినాలి, ఇరుగుపొరుగుకీ పెట్టాలి. పంది కాళ్ళు కూడా వేస్తారట. ఖతర్‌లో అవి దొరకవని పెద్దావిడ సణుగుతూ ఉండేది.

తడి మేజోళ్ళు పెట్టెలో పెట్టి మర్చిపోతే ఎలా ఉంటుందో, ఆ వాసన అలా ఉండేది. దాని మీద బెల్లం పాకం పోసినట్టు. మా పరుపులకి, ఉతికిన బట్టలకి కూడా పట్టింది. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే గుమ్మంలోనే ముక్కు మూసుకునేవారు.

"ఏంటే, ఎదురింట్లో బూట్లు వండుతున్నారా?"

"పిల్ల పుట్టాక మనకీ పెడతారట."

"అయితే ఆ నెల నేను క్యాంప్‌లో పడుకుంటా."

సియూలాన్‌కి కూడా ఆ కుండంటే అసహ్యమే. ఒకరోజు నా ముందే వాళ్ళమ్మ మీద విరుచుకుపడింది. డాక్టర్ చెప్పింది తింటాను గాని ఈ మురికి నీళ్ళు నోట్లో పోసుకోనంది. ఆవిడ వాళ్ళ భాషలో ఏదో అంది. సియూలాన్ నా వైపు తిరిగి, "'నిన్ను కన్నప్పుడు మా అమ్మ పెడితే నేను నోరు మూసుకుని తిన్నాను' అంటోంది, విన్నావా?" అంది. గొడవ ఆపుదామని, ఆ గుడ్లేవో ఇప్పుడే వేసి ముగించెయ్యమని చెప్పించాను. పెద్దావిడ గట్టిగా చెయ్యి ఊపింది. పిల్ల భూమ్మీద పడకముందు గుడ్డు వేయకూడదట.

ఆ వారమే ఒక మధ్యాహ్నం ఆవిడ పడుకుని లేవలేదు. గుండె, అన్నారు. పొయ్యి మీద కుండ మరుగుతూనే ఉంది. కట్టేసింది నేనే. మూత తీసి చూశాను. నల్లటి నీళ్ళు, అల్లం ముక్కలు. అంతే.

వెంగ్ శవాన్ని తీసుకుని ఈపో వెళ్ళాడు. సియూలాన్‌ని విమానం ఎక్కించకూడదని డాక్టర్ అన్నాడు. కడుపుతో ఉన్న మనిషి శవాన్ని చూడకూడదని వాళ్ళ ఆచారం కూడా. కిందికి దించుతున్నంతసేపూ ఆమె సోఫాలో గోడవైపు తిరిగి కూర్చుంది.

"అక్కా, ఆవిడ భాషలో నాకు ఎదురుచెప్పడం ఒక్కటే వచ్చు," అంది తర్వాత. "రేపు నా పిల్లకి మా అమ్మది అని ఏం చూపించను?"

ఆమె తిండి మానేసింది. వంటింట్లోకి అడుగుపెట్టేది కాదు. వెంగ్ తిరిగి రాకముందే నొప్పులు మొదలయ్యాయి. ఫ్లాట్‌కి తాళం వేసి నేనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. తాళంచెవి నా పర్సులో ఉంది. రెండోది వెంగ్ దగ్గర, మలేషియాలో.

రాత్రి ఆడపిల్ల పుట్టింది. తల్లికి పాలు పడలేదు. నర్సులు తెచ్చిన సూప్ ముట్టలేదు. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది.

పొద్దున్నే పిల్ల బట్టల కోసం వెళ్ళాను. ఏసీలు కట్టేసి, కిటికీలు మూసి ఉన్న ఇల్లు. సెప్టెంబరు వేడికి ఆ వాసన గుమ్మంలోనే మొహాన కొట్టింది. బూజు పట్టి ఉంటుంది, పారేద్దామని మూత తీశాను.

లోపల గుడ్లున్నాయి. ఒలిచిన గుడ్లు, నల్లగా, నిగనిగలాడుతూ, ఆ జిగురు నీళ్ళలో సగం మునిగి ఉన్నాయి. వాటి మధ్య ఉబ్బిన అల్లం ముక్కలు కాలి బొటనవేళ్ళలా ఉన్నాయి. సింక్ దగ్గరికి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

తర్వాత ఇల్లంతా వెతికాను. చెత్తబుట్టలో పెంకులు లేవు. ఫ్రిజ్‌లో గుడ్లు అసలు ఎప్పుడూ ఉండేవి కావు, వేవిళ్ళప్పటి నుంచీ సియూలాన్‌కి గుడ్డు పడదు. కిందికి వెళ్ళి వాచ్‌మన్ రాజన్నని అడిగాను.

"ఎవలు రాలేదమ్మా. నేనీడనే ఉన్న. సార్ ఇంక ఊళ్ళెనే ఉన్నడు గద?" అన్నాడు.

పారేయడానికి కుండ చేతుల్లోకి తీసుకున్నాను కూడా. ఎందుకో మళ్ళీ పెట్టేశాను.

మర్నాడు ఆమెని ఇంటికి తెచ్చాను. గుమ్మంలో ఆగి వాసన చూసి, పిల్లని నా చేతుల్లో పెట్టి, నేరుగా వంటింట్లోకి వెళ్ళింది. మూత తీసి చాలాసేపు చూసింది.

"నువ్వు వేశావా?"

"లేదు."

చేత్తో ఒక గుడ్డు తీసింది. దానికి ఒక పక్కన అర్ధచంద్రంలా గాటు ఉంది. ఇంకొకటి తీసింది. దానికీ ఉంది.

"అమ్మ గోరు," అంది. "గుడ్డు తిన్నగా ఒలవడం ఆవిడకి చచ్చినా రాదు."

అక్కడే నిలబడి తినడం మొదలుపెట్టింది. కొరికితే లోపలి సొన కూడా నల్లగానే ఉంది. అలా కావాలంటే రోజులు నానాలి. పిల్ల పుట్టి రెండు రోజులు కూడా కాలేదు. గడ్డం మీదుగా వెనిగర్ కారి, పాలు పడని ఆ రొమ్ముల మీది చొక్కా తడిసింది. తలంటుకోని జుట్టు, చెమట, పురిటి వాసన, ఆ పులుపు. వేళ్ళు చీకుతూ తింది. అంత రోతగా మనిషి తినడం నేను మళ్ళీ చూడలేదు. ఆ సాయంత్రానికి పాలు పడ్డాయి. తింటే పడతాయి, అందులో వింత లేదు.

నాకూ ఒక గిన్నెలో పెట్టింది. పొరుగువాళ్ళు తినకపోతే పిల్ల వచ్చినట్టు కాదంది. రబ్బరులా ఉంది. నమలకుండా మింగేశాను.

"నీ కాన్పప్పుడు ఎవరు పెట్టారక్కా?"

"మా అమ్మే. కాయం అని ఒక నల్ల ముద్ద. ముక్కు మూసుకుని మింగేదాన్ని."

"ఇప్పుడెక్కడుంది?"

"ఏప్రిల్‌లో పోయింది."

"నీకు వచ్చా, అది చేయడం?"

రాదన్నాను. నా గిన్నెలో ఇంకో గుడ్డు వేసింది. అదీ తిన్నాను.

ఆ గుడ్లు ఎవరు వేశారో నాకు తెలియదు. తాళం, వాచ్‌మన్, పెంకులు, అన్నీ ఎన్నిసార్లు తిరగేసుకున్నా పొసగలేదు. ఇప్పటికీ వెనిగర్ సీసా మూత తీస్తే నాకు డోకు వస్తుంది.

కానీ ఆ తర్వాత చాలాకాలం, పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళగానే గిన్నెల మీద మూతలు ఒక్కొక్కటే తీసి చూసేదాన్ని. రాత్రి నేను పెట్టినవే ఉండేవి.