వెదురునీళ్ల తీపి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. గిద్దలూరు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మాది బెల్లం దుకాణం. నాయన చిన్న ముక్క నాలుక మీద వేసుకుని ఏ ఊరి బెల్లమో చెప్పేవాడు. అలాంటి మనిషికి చక్కెర జబ్బు! దేవుడికి కూడా వేళాకోళమే. డాక్టరు తీపి ముట్టవద్దన్నాక, నాయన బెల్లం దిమ్మెల ముందు కూర్చుని ఉత్త నాలుక చప్పరించేవాడు.

అన్న కోస్తాలో కాగితం మిల్లు ల్యాబులో పనిచేసేవాడు. మా నల్లమల వెదురే అక్కడ ఉడికి గుజ్జయ్యేది. మిగిలిన నల్లనీళ్లు కాలవలో పోయేవి. ఆ నీళ్లలోనూ చక్కెర ఉంటుందని, ఈస్టుతో పులియబెడితే జబ్బు మనుషులు తినదగ్గ తీపి వస్తుందని అన్న ఎక్కడో చదివాడు. సెలవు పెట్టి ఒక టిన్ను నీళ్లు, ఈస్టు సీసా తెచ్చాడు. సున్నం వేసి తేరనిచ్చి, కుండలో పోసి వసారాలో పెట్టాడు. కుండ గుసగుసలాడేది. నాయన పక్కనే కూర్చుని వినేవాడు.

"ఏందిరా దాని పేరు?" అని ఒక పొద్దున అడిగాడు.

"షుగర్ ఆల్కహాలు, నాయనా."

అమ్మ చెవిన ఆల్కహాలన్న మాటే పడింది. అవి మద్యనిషేధం రోజులు.

"కొంప ముంచినావు గదరా! దీపం పెట్టే ఇంట్లో సారా కాస్తావా?"

"మత్తెక్కేది కాదమ్మా, పేరే అట్ల!" అని అన్న మొత్తుకుంటూ ఉండగానే కుండను వీధి కాలవలో బోర్లించింది. నాయన ఖాళీ కుండ పక్కనే కూర్చున్నాడు.

ఆ వానాకాలమే ఆయన పోయాడు. పదోనాడు సగిలేటి ఒడ్డున పిండం పెడితే కాకి ముట్టలేదు. తీరని కోరిక ఉంటే ముట్టదంటారు. ఎవరేం చెప్పినా కొమ్మ దిగలేదు. చివరికి అమ్మే ఏడుస్తూ అన్న చెయ్యి పట్టుకుంది.

"కుండ పారబోసింది నేను. మళ్లా చేస్తానని చెప్పురా."

అన్న చెప్పాడు. కాకి దిగింది.

తర్వాత అన్నకు సెలవు దొరికితే ఆ కుండే లోకం. ఒకసారి పులుపు, ఒకసారి చేదు.

"పోనీలే అన్నా, కాకి తినింది గదా," అన్నాను.

"నా మాట నమ్మి తినింది గదమ్మా," అన్నాడు.

ఆ తీపి రాకుండానే అన్న కూడా పోయాడు. పదోనాడు అదే ఒడ్డు. కాకి కొమ్మ మీదే కూర్చుంది. అందరూ నా వైపు చూశారు. నేను చేస్తానని చెప్పడానికి నోరు తెరిచాను. నాయన కూడా అలాంటి మాటే నమ్మాడని గుర్తొచ్చి మూసుకున్నాను. కాకి దిగలేదు.