బాగానే ఉన్నారు, మిమ్మల్ని చూడాలంటున్నారు

పోయిన ఆదివారం మా మనవరాలు ఏర్పేడు హాస్టలు నుంచి తిరుపతికి వచ్చి, సంచిలోంచి ఒక నల్లటి డబ్బీ తీసి నా ఒళ్ళో పెట్టింది. విభూతి డబ్బీ కంటే కాస్త పెద్దది, పక్కన తిప్పడానికి చిన్న మర, ముందువైపు ఆకుపచ్చగా వెలిగే చుక్కంత దీపం. దానికి ఒక వైపు సెల్‌ఫోను, ఇంకో వైపు రెండు చెవులనూ మూసేసే హెడ్‌ఫోన్లు తగిలిస్తారట. దీన్ని హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ అంటారనీ, జేబులో వేసుకుని ఎక్కడికైనా తీసుకుపోవచ్చనీ, సన్నగా వచ్చే ధ్వనిని పెంచి, గరగర కలపకుండా శుభ్రంగా చెవిలో వేస్తుందనీ ఆ పిల్ల నాకు పాఠం చెప్పింది. నా కుడిచెవి సరిగా పని చేయదు. చిత్తూరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా ఏళ్ళ తరబడి ఆ చెవికే రిసీవరు తగిలించుకుని కూర్చున్నందుకు పింఛనుతో పాటు దక్కిన కానుక అది. అయితే మనవరాలు ఈ డబ్బీ కొన్నది నా చెవి మీద జాలితో మాత్రమే కాదు. ఫోన్లో తను బాగున్నానని చెప్పినా సరే, మర్నాడు నేను క్యారియరు పట్టుకుని హాస్టలు గేటు ముందు ప్రత్యక్షమైపోతానట, స్నేహితురాళ్ళు నవ్వుతున్నారట.

"నేను చెప్పేది సరిగ్గా వినబడకనే కదా అవ్వా, ఊరికే బస్సెక్కి వచ్చేస్తా ఉండావు. ఇంక అన్నీ వినబడతాయి, నువ్వు రావాల్సిన పని లేదు" అంది.

తలకు తగిలించగానే ఇల్లంతా మాయమైపోయింది. వంటింట్లో మా అమ్మాయి పెట్టిన కుక్కరు లేదు, వీధిలో కూరగాయల బండి లేదు. మన కాలపు లైన్లలో బియ్యం చెరుగుతున్నట్టు ఎప్పుడూ ఒక గరగర ఉండేది, అది ఆగిపోయిందంటే లైను చచ్చిపోయిందని లెక్క. అందుకే నాకు తెలియకుండానే నోటి నుంచి "హలో, హలో, చిత్తూరు" అని వచ్చేసింది. మనవరాలు పడీ పడీ నవ్వి, ఎవరిదో నాదస్వరం పెట్టి మర కొంచెం తిప్పింది. అంత గొప్ప వాయిద్యం వినబడుతున్నా నా మనసు దాని మీదికి పోలేదు. స్వరానికీ స్వరానికీ మధ్య ఆ వాయించే ఆయన ఊపిరి పీల్చుకోవడం వినబడింది, నేను దానినే వింటూ కూర్చున్నాను. ఒక పెద్ద మనిషి నా పక్కనే కూర్చుని ఆయాసపడుతున్నట్టుంది. బాగుంది తల్లీ అని చెప్పి తీసేశాను.

ఊపిరి వినడం నా ఉద్యోగంలో సగం. మన ఈడు వాళ్ళకు ట్రంకు కాల్ అంటే వివరించి చెప్పనవసరం లేదు, బుక్ చేసి, పక్కింటి వాళ్ళ ఫోను దగ్గర పడిగాపులు కాసి, చివరికి కలిస్తే ఆ మూడు నిమిషాలూ వినబడుతోందా, వినబడుతోందా అని అరుచుకోవడంతోనే గడిచిపోయేది. ఎదురుగా చెక్క బోర్డు, దాని నిండా బెజ్జాలు, ఒక తీగ తెచ్చి ఈ బెజ్జంలో గుచ్చితే వేలూరు, ఆ బెజ్జంలో గుచ్చితే పలమనేరు. లైను మరీ బలహీనంగా ఉన్నప్పుడు ఈ కొసన వాళ్ళ మాట ఆ కొసకు చేరేది కాదు గానీ మధ్యలో ఉన్న మాకు మాత్రం వినబడేది. అప్పుడు మేమే ఆ మాటను అందుకుని గట్టిగా అవతలికి చెప్పేవాళ్ళం. పెళ్ళి కుదిరిన సంగతి, కాన్పు సంగతి, సరుకు లోడైన సంగతి, అన్నీ మా గొంతుతోనే పోయేవి. ఈ డబ్బీ చేస్తున్న పని అప్పట్లో మేం చేసేవాళ్ళం, జీతానికి.

చావు కబుర్లకు మాత్రం ఒక పద్ధతి ఉండేది. నాకు పని నేర్పిన పెద్దావిడ మొదటి వారమే చెప్పింది, అవతల ఫోనెత్తిన మనిషి ఏ అంగట్లోనో ఒంటరిగా నిలబడి ఉంటుంది, అక్కడే కూలబడిపోతే పట్టుకునే దిక్కుండదు, కాబట్టి పోయినారని ఎప్పుడూ అనకూడదు, బాగానే ఉన్నారు, మిమ్మల్ని చూడాలంటున్నారు, వెంటనే బయల్దేరండి అనాలి. మేమంతా అట్లాగే అనేవాళ్ళం. పోయినవాళ్ళలో ఎంతమంది చేత నేను 'చూడాలి' అని అనిపించానో చెప్పలేను. మొదట్లో నోరు తడబడేది, పోను పోను గొంతులో ఏ మార్పూ లేకుండా చెప్పడం వచ్చేసింది. ఇవతల కబురు చెప్పేవాళ్ళు నోరు తెరవక ముందే, వాళ్ళ ఊపిరిని బట్టి అది చావో, జబ్బో, ఉత్త కంగారో నాకు తెలిసిపోయేది. ఆ విద్య నాకు బాగా వచ్చని ఆఫీసులో పేరు కూడా ఉండేది.

మా అక్కను బంగారుపాళ్యంలో ఇచ్చారు. మా బావ మామిడికాయల మండీలో పని చేసేవాడు, ఇల్లు ఆ మండీకి వెనకాలే. సెలవు దొరికితే నేను అక్కడికే పోయేదాన్ని, అక్క వడ్డిస్తుంటే ఆఫీసు కబుర్లన్నీ చెప్పేదాన్ని. ఈ చావు కబుర్ల పద్ధతి చెప్పినప్పుడు అక్క గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "సచ్చిపోయినోడు సూడాలంటా ఉండాడని చెప్తారా! నీకు నోరెట్లొస్తుందే?" అంది. మా బావ గట్టిగా నవ్వాడు. ఆయన నవ్వితే మండీ దాకా వినబడేది.

ఆ మామిళ్ళ కాలంలోనే, కాయల లోడుతో వస్తున్న ట్రాక్టరు తిరగబడి మా బావ దాని కింద పడ్డాడు. అప్పటికి ఆ ఊళ్ళోనే ఉన్న మా నాయన ఆయన్ను మండీ లారీలో వేసుకుని వేలూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. చంటిబిడ్డతో ఉన్న అక్కను, కబురు చేస్తాను, అప్పుడు రా అని ఇంటి దగ్గరే ఉంచాడు. మర్నాడు మధ్యాహ్నం వేలూరు నుంచి నా బోర్డుకే కాల్ వచ్చింది. ఆరోజు వాన, లైను నిండా గరగర. నాయన హలో అనక ముందే ఆయన ఊపిరి విని నేను కుదుటపడ్డాను. అది తొందరలో ఉన్న మనిషి ఊపిరి, ఏడ్చిన మనిషిది కాదు.

"బతికే ఉండాడు. మాట్లాడతా ఉండాడు. పెద్దదాన్ని సూడాలంటా ఉండాడు, బస్సెక్కి రమ్మను. ఆలీసం చెయ్యొద్దని చెప్పు" అన్నాడు నాయన.

నాయనను లైన్లోనే ఉంచి బంగారుపాళ్యం మండీకి కలిపాను, అక్కను పిలిపించారు. ఇద్దరినీ కలిపితే నాయన ఎంత అరిచినా అక్కకు గరగర తప్ప ఏమీ చేరలేదు. దాంతో అలవాటు ప్రకారం నేనే చెప్పాను, బావ బాగానే ఉన్నాడక్కా, నిన్ను చూడాలంటున్నాడు, వెంటనే బయల్దేరు అని. ఆ మాట నోటి నుంచి బయటికి వచ్చాక గానీ నేనేం అన్నానో నాకు తెలియలేదు.

"పోయి ఎంతసేపయింది మే?" అంది అక్క.

పోలేదనీ, నిజంగా బతికే ఉన్నాడనీ, బిడ్డ మీద ఒట్టనీ చెప్పాను. "అందరికీ ఇట్నే కదా చెప్తావు" అని ఫోను పెట్టేసింది. మళ్ళీ కలిపితే మండీ యజమాని ఎత్తాడు. ఆయనకూ అరిచి చెప్పాను, మా బావ బతికే ఉన్నాడని. "అర్థమైందిమా, అర్థమైంది. నువ్వు ధైర్యంగా ఉండు, ఈడ జరగాల్సినవన్నీ మేం సూసుకుంటాం" అన్నాడు ఆయన, ఎంతో దయగా. వెనకాల ఆడవాళ్ళ ఏడుపు మొదలైంది. ఈ కొసన నాయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు, బయల్దేరిందా, బయల్దేరిందా అని.

ఏడుపు తగ్గితే అక్కే ఆలోచించుకుని బస్సెక్కుతుందనుకున్నాను. డ్యూటీ దిగి నేను వేలూరు బస్సెక్కాను. ఆసుపత్రిలో మా బావ తలగడ మీద తల వాల్చుకుని వాకిలి వైపే చూస్తున్నాడు. నన్ను చూసి, నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. "మీ యక్క యాడ?" అన్నాడు. వస్తా ఉంది బావా, బిడ్డతో కదా, వెనక బస్సులో వస్తా ఉంది అన్నాను. ఆ గొంతులో కూడా ఏ మార్పూ లేదు, అంత బాగా నేర్చుకున్నాను పనిని. తలుపు కదిలినప్పుడల్లా ఆయన తల ఎత్తేవాడు. తెల్లవారుజామున ఎత్తడం మానేశాడు.

శవంతో బంగారుపాళ్యం చేరేసరికి, మేం ఎవరికీ ఏ కబురూ చేయకుండానే, ఇంటి ముందు పందిరి వేసి ఉంది. అరుగు మీద పూలదండలు తడిగుడ్డ కప్పుకుని ఉన్నాయి. అక్క ముందురోజు మధ్యాహ్నమే పొయ్యి ఆర్పేసి, బంధువులకు కబురు పంపి, శవం వచ్చేటప్పటికి ఇంటిది ఇంట్లో ఉండాలి కదా అని గడపలో కూర్చుంది. మా నాయన లారీ దిగుతూనే, అంతమంది ఎదుట, "రాలేదెందుకే? తెల్లార్లూ నీ కోసరం కలవరిచ్చినాడే" అని అరిచాడు. ఏడుస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. అంతవరకూ తాము ఎవరికోసం ఏడ్చారో వాళ్ళకు అప్పుడు అర్థమైంది. అక్క నాయన వైపు చూడలేదు. నా వైపు చూసింది, అంతే.

బతికున్న మొగుడికి ఏడ్చింది, అందుకే ఆయుష్షు తీరిందని ఊరు అక్కకు పేరు పెట్టింది. ఆ పేరు జీవితాంతం మోసింది. పెళ్ళిళ్ళకు పిలిచేవారు గానీ పసుపు కుంకుమల పళ్ళెం దగ్గరికి ఆమె వస్తుంటే మాటలు తగ్గిపోయేవి. చేతనైన పని చేసుకుని కొడుకును పెంచింది, ఇల్లు నిలబెట్టింది, ఎవరినీ ఒక మాట అనలేదు. ఫోను మాత్రం మళ్ళీ చెవిలో పెట్టుకోలేదు, ఇంటింటికీ ఫోనొచ్చాక కూడా. నేను పోయినప్పుడల్లా వండి పెట్టేది, జడ వేసేది, ఆరోజు సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే నాకు లోపల కోపంగా ఉండేది. సొంత చెల్లెలు బిడ్డ మీద ఒట్టేసి చెబితే నమ్మదా అని. కాస్త చల్లబడ్డాక ఆ కోపం లైను మీదికి పోయేది. నాయన ఊపిరి ఒక్కసారి అక్క చెవిలో పడి ఉంటే నమ్మేదని, లైను బాగుండి ఉంటే బావ చూపు వాకిలి మీద ఉండగానే అక్క వచ్చి ఉండేదని, ఎన్నో ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను.

రెండేళ్ళ కింద, మళ్ళీ మామిళ్ళ కాలంలో, అక్క కొడుకు నుంచి ఫోనొచ్చింది. ఈ కాలపు ఫోను, గరగర లేదు, పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది. "పిన్నమ్మా, అమ్మ బాగనే ఉండాది. జొరమొచ్చి తగ్గింది. నిన్ను సూడాలంటా ఉండాది, వస్తావా?" అన్నాడు. ఒక్క నిమిషం మాట్లాడకు నాయనా అని, వాడి ఊపిరి విన్నాను. తెగి తెగి వస్తోంది, ఏడుపు మింగుకున్న వాడిలా. నాకు తెలిసిపోయింది. ఏమీ అడగకుండా ఫోను పెట్టేసి, ఏమీ తినకుండా, నలిగిన నేతచీర ఒకటి కట్టుకుని బస్సెక్కాను. చిత్తూరులో దిగి, బంగారుపాళ్యంలో ఈ వేళకు మంచిది దొరకదని, బస్టాండు దగ్గర దండ కట్టించుకున్నాను.

వీధి మలుపు తిరిగితే పందిరి లేదు. అక్క అరుగు మీద మంచంలో కూర్చుని, ముందు తట్టలో బేనీషా మామిడికాయలు పెట్టుకుని పండినవి వేరు చేస్తోంది. అవి నాకివ్వాలనే రమ్మన్నదట. కొడుకు సిగ్నలు కోసం మిద్దె మెట్లు పరిగెత్తి ఎక్కి మాట్లాడాడట, ఆ ఆయాసం అదీ.

నేను సంచి దాచబోయాను గానీ అరటాకు పొట్లం లోంచి నీళ్ళు కారుతున్నాయి. అక్క చెయ్యి చాపి తీసుకుని, దారం విప్పి, దండను చూసింది. ఆ పొడవు, ఆ కట్టు, అది ఎందుకు కట్టించినదో ఎవరికైనా తెలుస్తుంది.

"నాకేనా?" అంది.

నేను ఖాళీ సంచిని మడతలు పెట్టాను.

"నువ్వు గూడా నమ్మలేదు గదమే" అంది. ఎగతాళి కాదు, కోపం కాదు. ఇన్నేళ్ళూ ఎవరైనా ఒకరు ఆ మాట తన వైపు నుంచి చెబుతారేమోనని ఎదురుచూసి, ఎవరూ చెప్పకపోతే తనే చెప్పుకున్నట్టుంది. నేను ఆమె మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాను. కాసేపు ఏడవనిచ్చి, "లెయ్యి, తెచ్చింది పారేసేదెందుకు, మీ బావకెయ్యి" అంది. లోపల గోడకున్న ఫోటోకు వేశాను. దండ ఫోటో కంటే చాలా పెద్దదైంది, కింద నేల దాకా జారింది. ఆ పూటే అక్క నాకు అన్నం కలిపి చేతిలో ముద్దలు పెట్టింది.

పోయిన కార్తీకంలో అక్క పోయింది. ఆ కబురు నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది, నేను పక్కనే ఉన్నాను.

ఇప్పుడు మధ్యలో కూర్చుని ఒకరి మాట ఇంకొకరికి అందించే మనిషి అవసరం ఎవరికీ లేదు. ఫోన్లోనే మొహం చూపిస్తారు, ఆసుపత్రి మంచం చూపిస్తారు, ఈ డబ్బీ తగిలిస్తే ఊపిరి కూడా వినిపిస్తారు. ఇవన్నీ ఆనాడు ఉంటే అక్క బస్సెక్కేదా అని మనవరాలు వెళ్ళిన దగ్గర్నుంచి ఆలోచిస్తున్నాను. ఏమో, చెప్పలేను. ఊపిరి స్పష్టంగా వినే కదా నేను దండ కొన్నాను.

నిన్న సాయంత్రం హాస్టలు నుంచి ఫోను చేసింది. డబ్బీ తగిలించుకునే మాట్లాడాను. వాళ్ళ గదిలో ఫ్యాను తిరగడం, ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ పోవడం, మా పిల్ల ముక్కుతో చిన్నగా ఎగబీల్చడం, అన్నీ వినబడ్డాయి.

"నేను బాగుండా అవ్వా. అంతా సరిగ్గా వినబడతా ఉండాదా?" అని అడిగింది.

అంతా వినబడుతోంది తల్లీ అన్నాను. నిజమే చెప్పాను. పొద్దున్నే లేచి పెరుగన్నం కలిపి క్యారియరులో పెట్టుకుని, ఆ నల్లడబ్బీని బీరువాలో దాచి, ఏర్పేడు బస్సెక్కాను.