కిటికీలో వెలసిన సబ్జా

నంద్యాలలో జగన్నాథం చెప్పే మాటల్ని ఆయన కన్న కొడుకే సగం కొట్టేసి వింటాడు. మిగిలిన సగాన్ని కోడలు యామిని కొట్టేస్తుంది. పప్పుల అంగడి కొడుక్కి అప్పగించి ఇంట్లో కూర్చున్నాక వినేవాళ్ళు మరీ కరువై, ఆయన చూపు మొక్కల మీద పడింది. మొక్కలైతే ఎదురు చెప్పవు కదా అనుకున్నాడు. ఎదురు చెప్పవు గానీ, మొలవకుండా ఊరుకుంటాయని తర్వాత తెలిసింది.

వాళ్ళది రెండో అంతస్తు ఇల్లు. మేడ మీద పెంచుదామంటే నంద్యాల ఎండకు నీళ్ళ ట్యాంకే వడదెబ్బ తిని పడుకుంటుందని ఆయన వాదన. అందుకని వంటింటి కిటికీ గట్టును ఆక్రమించాడు. పాత ఐస్‌క్రీమ్ డబ్బాలకు అడుగున బొక్కలు పొడిచి, మట్టీ ఎరువూ కలిపి నింపి, ముందుగా కొత్తిమీరకని ధనియాలు చల్లాడు. నలభై ఏళ్ళు ధనియాలు అమ్మిన మనిషి. వాసన చూసి అవి ఏ చేలో పండాయో చెప్పగలనని రుద్రవరం నుంచి గడివేముల దాకా చాటుకున్న మనిషి. ఎన్నాళ్ళు చూసినా ఒక్క మొలకా రాలేదు. చారుపొడి కోసం యామిని వేయించి పెట్టుకున్న ధనియాలవి.

"చేను పేరు కూడా చెప్తావు కదా మామా, వేగినాయని వాసన రాలేదా?"

"జలుబు చేసిండాది," అన్నాడు.

ఆయనకు రెండో అవకాశం ఇచ్చింది మనవరాలు సాత్విక. డిగ్రీ చదువుతున్న ఆ పిల్ల కాలేజీ వంటల పోటీలో పాస్తా చేస్తానని పేరిచ్చింది. దానికి పచ్చి బేసిల్ ఆకు కావాలి. మార్కెట్లో ఆ పేరు చెబితే తోటకూర కట్ట చేతిలో పెట్టారు.

"తాతా, ఎండాకాలం నీళ్ళలో వేసుకుని తాగుతామే సబ్జా గింజలు, అవి మొలిస్తే వచ్చేది అదేనంట."

"ఓస్, ఇంతేనా! పోటీ నాటికి గంపెడు ఆకు నీ ముందర పోస్తా, పో."

సబ్జా గింజల్ని మట్టి మీద పైపైన చల్లి నీళ్ళు చిలకరించాడు. ఒక్కో గింజా కప్పగుడ్డులా జిగురు కట్టుకుని ఉబ్బింది. కుళ్ళిపోయాయనుకుని పారబోయబోతే సాత్విక చెయ్యి పట్టుకుని ఆపింది. మొలిచాక అవన్నీ వెలుతురు కోసం కిటికీ వైపే మెడలు చాచాయి. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి డబ్బాను తిప్పిపెట్టడం ఆయన ఉద్యోగమైంది. కొనలు గిల్లితే గుబురుగా వస్తాయంటే, మొక్కకు క్షమాపణ చెప్పుకుని మరీ గిల్లాడు. చివరికి ఒక డబ్బాలో మొక్కలు గుబురు కట్టి, వెన్నులు తీసి, వంటిల్లంతా ఘుమఘుమలాడించాయి.

సరిగ్గా అప్పుడే ఆళ్ళగడ్డ నుంచి ఆయన అక్క కమలాక్షమ్మ మోకాలి నొప్పికి వైద్యం కోసం వచ్చింది.

"ఏందిరా ఈ తులసి, ఇట్లుండాది? యాడ తెచ్చినావు?"

సబ్జా అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ ఎదురుగా ఒక మనిషి కూర్చుని, చెవులప్పగించి అడుగుతోంది. ఆ సుఖం ఎరిగి ఎన్నేళ్ళయిందో! నాలుక దురద ఆగలేదు.

"అహోబిలంలో ఉగ్రస్తంభం ఎక్కుతాంటే అక్కా, ఒక ముసలాయన పిడికెడు విత్తనాలు నా చేతిలో పోసినాడు. దండం పెట్టి తలెత్తి చూస్తే మనిషి లేడు!"

జగన్నాథం అహోబిలం కొండను కింద టీ అంగడి దగ్గర నుంచే దర్శించుకునే రకం. ఆ సంగతి అక్కకు గుర్తు రాలేదు. ఆమె కళ్ళు తుడుచుకుంది. మర్నాటికి ఐస్‌క్రీమ్ డబ్బాకు పసుపూ కుంకుమా పడ్డాయి, ముందు దీపం వెలిగింది. కొన్నాళ్ళకు ఆమె మోకాలు కాస్త వంగింది. అది డాక్టరు చేయించిన కసరత్తు వల్లనే కావచ్చు. కమలాక్షమ్మ మాత్రం కిటికీ వైపు తిరిగి చేతులు జోడించింది.

పోటీ రోజు పొద్దున్నే సాత్విక కత్తెర పట్టుకుని వచ్చింది.

"ముట్టద్దు! స్వామి చెట్టు అది. పాస్తాలో వేస్తారా?" అని గద్దించింది కమలాక్షమ్మ.

సాత్విక తాత వైపు చూసింది. గంపెడు ఆకు పోస్తానన్న తాత తల వంచుకున్నాడు. నిజం చెబితే మనసు తేలికవుతుందని చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్లు చెప్పేవాళ్ళు. ఆ మాటను పరీక్షించే అవసరం ఆయనకు ఇన్నాళ్ళూ కలగలేదు.

"అక్కా, ముసలాయన లేడు, ఏం లేడు. అది మన అంగట్లో సబ్జా. నేనే అల్లి చెప్పినా."

"మనవరాలు అడిగిందని స్వామి చెట్టును సబ్జా అంటాండావా? నోట్లో పురుగులు పడతాయి రా!"

"నిజం అక్కా. ఇదో, మిగిలిన పొట్లం!"

"పొట్లానికేం, అంగడి నిండా ఉంటాయి. సరిగ్గా అబద్ధం చెప్పేది కూడా రాదు నీకు."

ఆ చివరి మాట ఆయనకు గునపంలా దిగింది. ఇన్నేళ్ళకు తన మాట నమ్మే మనిషి ఒక్కరు దొరికితే, ఆ ఒక్కరూ ఈ ఒక్క అబద్ధాన్నే నమ్మాలా? ఇంకో కథ అల్లడం ఎంతసేపు? స్వామి కలలో కనిపించి పాస్తా అడిగాడంటే సరి. మాట పెదవి దాకా వచ్చింది. కానీ అక్క మోకాలు నిమురుకుంటూ కిటికీ వైపే చూస్తోంది. మింగేశాడు.

"నువ్వు జరుగు తాతా," అంది సాత్విక. కత్తెర పక్కన పెట్టి అవ్వ కాళ్ళ దగ్గర కూర్చుంది. "నేను కొయ్యను అవ్వా. నువ్వే నీ చేత్తో ప్రసాదంగా ఇయ్యి."

కమలాక్షమ్మ ఆలోచించింది. "దాంట్లో ఎర్రగడ్డా తెల్లగడ్డా వేస్తావా?"

"ఉల్లీ వెయ్యను, వెల్లుల్లీ వెయ్యను."

"ముందు స్వామికి పెట్టినాకే మనుషులకు."

"అట్లే అవ్వా."

"ప్రసాదం అడిగితే కాదనేదానికి నేనెవరు? ఇస్తా. కానీ వీడు అపచారం మాట అన్నాడు. ఒరే, లే. చెట్టుకు ప్రదక్షిణం చెయ్యి. అంతవరకు ఆకు తుంచేది లేదు."

"కిటికీకి ప్రదక్షిణం యాడ చేసేది అక్కా? అవతల పక్క గాలే కదా ఉండేది!"

"నీ చుట్టూ నువ్వే తిరుగు. బేగా కానీ, పిల్లకు ఆలస్యమవుతాంది."

నిజం చెప్పినందుకు జగన్నాథానికి జీవితంలో పడిన మొదటి శిక్ష అది. పంచె ఎగగట్టి, చేతులు జోడించి, వంటింటి మధ్య బొంగరంలా తిరగడం మొదలుపెట్టాడు.

"పొయ్యి ఈడుంది, చూసుకో మామా," అంది యామిని, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మూడో చుట్టుకు గోడలు కదిలాయి. డబ్బా రెండుగా కనిపించింది. జగన్నాథం తూలి గట్టు పట్టుకున్నాడు.

"చూసినావా మహిమ?" అంది కమలాక్షమ్మ, ఒక్కో ఆకే తుంచి సాత్విక పట్టుకున్న పళ్ళెంలో వేస్తూ. "ఇప్పుడన్నా నమ్ముతావా?"

"నమ్మినా అక్కా," అన్నాడు జగన్నాథం కళ్ళు గట్టిగా మూసుకుని.