ఇర్మా రాయని మైనం

స్టెన్‌రూడ్ వాళ్ళ ఇంటి వెనక షెడ్డులో ముప్పై ఏళ్ళుగా వేట తుపాకులు బాగవుతున్నాయి. బాగుచేసేది లోయల్. అతను "ఇక ఫరవాలేదు" అని చేతికిస్తే అమెరికాలోని మొంటానాలో ఆ చుట్టుపక్కల ఎవరూ మారు మాట్లాడేవారు కారు. భార్య ఇర్మాకు అది లోలోపల గొప్పగా ఉండేది, కిందటి నవంబరు దాకా.

కిందటి నవంబరులో వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు వేడ్ ఎల్క్ దుప్పిని కొట్టడానికి కొండల్లోకి వెళ్ళాడు. గుండు గుండెకు తగలాల్సింది పొట్టకు తగిలింది. దెబ్బతిన్న జంతువును దాని ఖర్మానికి వదిలేసి ఇంటికి రావడమంటే అక్కడివాళ్ళకు చర్చిలో ఉమ్మేసినంత పని. వేడ్ నెత్తురు జాడ పట్టుకుని లోయలోకి దిగాడు. అంతలో మంచు తుపాను కమ్ముకుంది. మూడోనాడు దొరికాడు. చేతి తొడుగులు విప్పేసి, ఒక పక్కకు ఒరిగి, నిద్రపోయినవాడిలా ఉన్నాడు.

తుపాకి ఇంటికొచ్చింది. లోయల్ దాన్ని షెడ్డులో మేకుకు తగిలించి పది నెలలు ముట్టుకోలేదు. సెప్టెంబరులో, వేట మొదలవడానికి నెల ఉందనగా, కిందికి దించాడు.

"దీనికి ఎపాక్సీ పోస్తాను" అన్నాడు.

ఇర్మా చేతిలో బంగాళదుంప అలాగే ఆగిపోయింది.

ఆ తుపాకి చెక్క కడుపులో అల్యూమినియం దిమ్మ ఉంది. తుపాకి ఉక్కు భాగం ఆ దిమ్మమీద కూర్చుంటుంది, సరిగ్గా కూర్చోకపోతే గురి తప్పుతుంది. దిమ్మ ఉంటే చాలని కొందరంటారు, దాని మీద కూడా ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పల్చగా పోసి ఉక్కుకు సరిపడా పడక చెయ్యాలని కొందరంటారు. ఈ వాదన మీద కాఫీ కెటిళ్ళు ఖాళీ అయిపోతుంటాయి. లోయల్ మొదటి పక్షం. "డబ్బిచ్చి కొన్నది అల్యూమినియం, బంకమన్ను కాదు" అని నవ్వేవాడు. వేడ్‌కు ఆ చెక్క బిగించి ఇచ్చినప్పుడూ అదే మాటన్నాడు.

పక్క పొలం నోరిస్ ఆ పూట కాఫీకి వచ్చి ఉన్నాడు. "ఏంట్రోయ్, ముసలితనంలో మతం మార్చుకుంటున్నావా?" అన్నాడు. "నేను పోయమంటే నన్ను ఈ బల్ల దగ్గరే కదా ఎగతాళి చేశావ్?"

"చేశాను."

"మరిప్పుడెందుకు? ఆ తుపాకి ఎవరు పేలుస్తారని?"

"ఎవరూ పేల్చరు. పోస్తే తెలుస్తుంది నోరిస్. ఉక్కు ఎక్కడ ఆనిందో అక్కడ పల్చబడుతుంది, ఎక్కడ ఆనలేదో అక్కడ మందంగా నిలబడుతుంది. గట్టిపడ్డాక విప్పి చూస్తే దిమ్మ సరిగ్గా ఉందో లేదో కళ్ళకు కడుతుంది. పొరపాటు నాదా, వాడి చేతిదా? అంతే నాక్కావాల్సింది."

 నోరిస్ టోపీ తీసుకుని లేచి, ఇర్మా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

ఇర్మాకు విప్పి చూడాల్సిన పనిలేదు. చనిపోవడానికి కొద్ది రోజుల ముందు వేడ్ ఆమె పక్కన నిలబడి పళ్ళేలు తుడుస్తూ చెప్పాడు. "అమ్మా, ఆ తుపాకి గుండు ఒక చోట నిలవట్లేదు. రెండొందల గజాల దగ్గర నాలుగంగుళాలు అటూ ఇటూ పోతోంది. నాన్నకు చెప్పకు. ఆయన పనికి వంక పెట్టినట్టుంటుంది." ఆమె చెప్పలేదు. భోజనాల దగ్గర తగువెందుకులే అనుకుంది. వాడు పోయాక ఈ పది నెలల్లోనూ చెప్పలేదు.

శనివారం పొద్దున లోయల్ ఎపాక్సీ కలిపాడు. కొడుకును పూడ్చినప్పటినుంచీ అతని చేతులు వణుకుతున్నాయి. "మైనం నువ్వు రాయి" అన్నాడు. ఉక్కుకు మైనం రాయకుండా కూర్చోబెడితే ఎపాక్సీ దాన్ని కరిచి పట్టుకుంటుంది, ఇక వదలదు. ఇంట్లో సొంతంగా ప్రయత్నించి, మైనం మర్చిపోయి, ముద్దలా అతుక్కుపోయిన తుపాకుల్ని దుప్పటిలో చుట్టి సిగ్గుపడుతూ తెచ్చినవాళ్ళని ఇర్మా ఎందరినో చూసింది.

ఆమె గుడ్డ తీసుకుంది. మైనం డబ్బా మూత తీసింది. రొట్టె గిన్నెకు వెన్న రాసినట్టు రాయాలి, మూలలు కూడా వదలకుండా. అతుక్కుపోతే విప్పలేడు, విప్పకపోతే తెలియదు. పొడిగుడ్డతో ఉక్కంతా తుడిచి ఇచ్చేసింది.

మర్నాడు చర్చి నుంచి వచ్చి లోయల్ మరలు విప్పి ఉక్కును లాగాడు. రాలేదు. రబ్బరు సుత్తితో తట్టాడు. రాలేదు. ఇర్మా గుమ్మంలో నిలబడి చూస్తోంది.  లోయల్ ఆమెవైపు తిరగలేదు. తుపాకి ఎత్తుకుని మాంసం పెట్టుకునే పెద్ద ఫ్రీజరు మూత తీసి, లేడి మాంసం పొట్లాల మీద పడుకోబెట్టాడు.

"చలికి ఇనుము ముడుచుకుంటుంది. రేపటికి వదులుతుంది."

ఆ కిటుకు ఆమెకు తెలియదు.

సోమవారం మధ్యాహ్నం బయటికి తీసి ఒక్క దెబ్బ కొట్టాడు. ఎముక విరిగినట్టు చప్పుడైంది. ఉక్కు ఊడి చేతిలోకొచ్చింది. చెక్కను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. కుడివైపు ఎపాక్సీ కాగితంలా ఉంది, కింద అల్యూమినియం మెరుస్తోంది. ఎడమవైపు వెనకాల నాణెమంత మందం.

"ఒక్క పక్కే ఆనింది" అన్నాడు. "మూడు కాళ్ళ కుర్చీ మీద కూర్చోబెట్టి పంపాను వాణ్ణి."

ఉక్కు మీద వేలు పెట్టి రాసి చూశాడు.

"మైనం మర్చిపోయావా?"

"లేదు."

అప్పుడు తిరిగి చూశాడు. ఆమె చెప్పింది. పళ్ళేల దగ్గర వేడ్ అన్న మాటలు, అన్నవి అన్నట్టు, ఒక్కటీ దాచకుండా.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ పనికి వంక పెట్టినట్టుంటుందని వాడన్నాడు. నువ్వు వినవని నేననుకున్నాను."

లోయల్ పనిబల్ల మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. ఓదార్చడానికి ఆమె దగ్గరికి రాలేదు, ఆమె కూడా అతని దగ్గరికి వెళ్ళలేదు. "వినేవాణ్ణి కాదేమో" అన్నాడు చివరికి. గోడ మీది ఖాళీ మేకు వైపు చూసి, "ఇలాంటి దిమ్మ చెక్కలు ఇంకా ఎంతమందికి బిగించి ఇచ్చాను?"

తుపాకులకు పేర్ల చీటీలు కట్టేది ఇర్మానే. వేళ్ళు మడిచి లెక్కబెట్టింది. "పదకొండు మందికి."

"వేటకింకా మూడు వారాలుంది."

ఇద్దరూ వంటింట్లోకొచ్చి ఫోను దగ్గర కూర్చున్నారు. ఆమె పేర్లు చెబుతోంది, అతను మీటలు నొక్కుతున్నాడు. మొదటి నంబరు రెండుసార్లు తప్పు నొక్కాడు. అవతల గస్ట్ టోర్‌గర్సన్ బిగ్గరగా నవ్వడం ఆమెకూ వినబడింది. "ఎపాక్సీయా? అక్కర్లేదని నువ్వే కదయ్యా అన్నావ్!"

"అన్నాను గస్ట్. తప్పు చెప్పాను. తుపాకి పట్టుకురా."

ఫోను పెట్టేసి ఇర్మావైపు చూశాడు. ఆమె రెండో పేరు చెప్పింది.