చెరువుల మధ్య అరెకరం

గేటు తాళం తీసిన రోజు పొద్దున్నే కొడవళ్ళు పట్టుకుని లోపలికి వెళ్ళేం. చేను దగ్గరికి చేరేసరికి ముందు నడుస్తున్న ఆడకూలీలు ఆగిపోయేరు. వరి పడిపోయి నీళ్ళలో పరచుకుని ఉంది. పసుపురంగులో ఉండాల్సిన చేను లేతపచ్చగా మెరుస్తోంది. దూరం నుంచి చూస్తే ఎవరో కొత్తగా నారు పోసినట్టుంది. వంగి ఒక కంకి పైకి లాగేను. గింజ గింజకీ ఒక తెల్లటి వేరు, ఒక ఆకుపచ్చ మొలక. ధాన్యం కంకిలోనే మొలకెత్తేసింది.

అక్క ఆ కంకిని నా చేతిలోంచి తీసుకుని, నలిపి, వాసన చూసి, నీళ్ళలో పడేసింది.

"అదృష్టవంతురాలివే. దాళ్వా పంటకి ఆకుమడి పోసే శ్రమ తప్పింది నీకు," అంది కూలికొచ్చిన ఒక ముసలావిడ. ఎవరూ నవ్వలేదు. ఆ మాటన్నావిడ కూడా నవ్వలేదు.

మా వెనకాల గట్టు మీద రొయ్యల చెరువులాయన నిలబడి ఉన్నారు. "వెళ్ళండమ్మా, ఇప్పుడు ఎంతసేపైనా కోసుకోండి. మా పట్టుబడి అయిపోయిందండి. ఇంక మీ ఇష్టం," అన్నారు. అందులో వెటకారం లేదు. రొయ్యలు పట్టి లారీలకి ఎత్తడం నిన్నటితో పూర్తయింది కాబట్టి ఆయన ఇచ్చిన మాట ప్రకారం తాళం తీయించేరు. మా కోనసీమలో అవునన్నా కాదన్నా ఒకే మర్యాదతో అంటారు. బయటివాళ్ళకి ఆ మర్యాద తియ్యగా ఉంటుంది. దాని కింద పడ్డవాళ్ళకి ఎలా ఉంటుందో ఆ రోజు అక్క మొహం చూసినవాళ్ళకి తెలుస్తుంది.

అక్క మా పెద్దమ్మ కూతురు. ఊరు అల్లవరం మండలంలో, సముద్రానికి దగ్గర. కువైట్‌లో ఒకరింట్లో వంట చేస్తూ వయసంతా అక్కడే గడిపి తిరిగొచ్చింది. స్లాబు ఇల్లు వేస్తుందని పేటలో అందరూ అనుకున్నారు. ఆవిడ చేను కొంది. అరెకరం. మా తాతలు కూలికి దిగిన చేలల్లో అదొక ముక్క. మా ఇళ్ళలో చదువుకుని టీచర్లయినవాళ్ళున్నారు, నర్సులున్నారు, నాలా పేపర్లో చేరి మండల విలేకరిగా తల నెరిసినవాళ్ళున్నారు. భూమి మాత్రం ఎవరికీ లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు మెట్లు దిగుతూ అక్క, "ఇక నుంచి మనింట్లో ఉడికే బియ్యం మన చేలోవి తమ్ముడూ," అంది. ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఆ చేను కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేసేరు. అక్క మొగుడు, మా బావ, ఆ పూట కొత్త లుంగీ కట్టుకుని, రైతులా మాట్లాడబోయి, అందరిచేతా నవ్వించుకున్నాడు.

ఆ చేనుకి దారి లేదు. అంటే, దస్తావేజులో లేదు. మా వైపు చేలకి దారి రాయించుకునే అలవాటే లేదు. గట్టు ఎవరిదైనా నడక అందరిది. నీళ్ళూ అంతే. కాలవ నుంచి బోదెలోకి, బోదె నుంచి పై చేనుకి, పై చేను తడిసేక గట్టుకి చిన్న గండి కొడితే కింది చేనుకి. కోతలప్పుడు వెనక చేను మోపులు ముందు చేను మీదుగానే రోడ్డెక్కుతాయి. దానికి ఎవరినీ అడగరు. అడిగితే, "ఏంటి, కొత్తగా మాట్లాడుతున్నావ్?" అని అడిగినవాడినే ఎగాదిగా చూస్తారు. అక్క కొన్న ముక్క రోడ్డుకి లోపలగా, నాలుగు పక్కలా వేరేవాళ్ళ చేల మధ్య ఉంది. ఆ మాట ఆ రోజు ఎవరి నోటా రాలేదు. అప్పటికి అది ఇబ్బందే కాదు.

తరవాత చెరువులొచ్చేయి. ఉప్పలగుప్తం వైపు నుంచి ఒక్కొక్క చేనూ తవ్వుకుంటూ మా ఊరిదాకా వచ్చేయి. చెరువుల మీద నేను రాసిన వార్తల్లో మెచ్చుకున్నవే ఎక్కువ. అవి అబద్ధాలు కావు. వరి పండించి ఏటా నష్టపోయిన రైతులు చేను కౌలుకిచ్చి ఇంట్లో కూర్చుని నిలదొక్కుకున్నారు. ఐసు ఫ్యాక్టరీలొచ్చేయి, మేత దుకాణాలొచ్చేయి, లారీలు తిరగడానికని రోడ్డు బాగుపడింది. అమలాపురంలో కొత్త అపార్టుమెంట్లు లేచేయి. డబ్బు రావడం నిజం. అది వచ్చిన రోడ్డు మీదే మా పేట ఆడవాళ్ళు ఆటోల్లో కూరుకుని రొయ్యల షెడ్లకి తలలు తీసే పనికి వెళ్ళడం కూడా నిజం. నాట్లు లేవు, కలుపు లేదు, కోత లేదు. ఎకరాలకి ఎకరాల చెరువుకి ఇద్దరు మనుషులు చాలు. ఒకడు మేత చల్లడానికి, ఒకడు కాపలాకి.

అక్క చేను చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒకాయనకే కౌలుకిచ్చేరు. ఆయనే చెరువులాయన. చెడ్డమనిషి అని రాయడానికి నా దగ్గర ఆధారం లేదు. మాట మెత్తన. చర్చి ప్రహరీకి ఇసుక తోలించేరు. అంతకుముందు ఒక పంటకి తెల్లమచ్చ రోగం తగిలి రొయ్యలన్నీ తేలిపోయి బాగా దెబ్బతిన్నారు. అప్పటి నుంచి ఆయనకి రోగమంటే వణుకు. చెరువుల చుట్టూ పీతలు రాకుండా నైలాను వల కట్టించేరు, కొంగలు వాలకుండా పైన తాళ్ళు లాగించేరు, రోడ్డు వైపు ఇనప గేటు పెట్టించేరు. గేటు లోపల ఊదారంగు మందు నీళ్ళ తొట్టి. ఎవరు వచ్చినా అందులో కాళ్ళు ముంచి రావాలి. ఆ గేటుకి కాపలా మనిషి కావలసి వచ్చేడు. మా బావ కుదిరేడు.

బావకి వేరే పని లేదు. కూలికి పిలిచే చేలే లేవు. నెలజీతం, టార్చిలైటు, ఒక కుర్చీ ఇచ్చేరు. గేటు మీద కెమెరా పెట్టేరు. "చెరువులాయన అమలాపురంలో కాఫీ తాగుతూ నన్ను చూసుకుంటాడు బావా. పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ అంతసేపు చూళ్ళేదు," అనేవాడు నాతో.

ఆ ఏడు సార్వాకి, అంటే వానాకాలం పంటకి, నాట్లేసేటప్పుడు చెరువులు ఎండగట్టి ఉన్నాయి. కాబట్టి ఎవరూ అడ్డు పెట్టలేదు. చెరువులడ్డొచ్చి కాలవ నీళ్ళు రాకపోయినా వానలు ఆదుకున్నాయి. గట్ల పక్క వరసలు చెరువుల్లోంచి ఊరిన ఉప్పుకి మాడిపోయేయి, మధ్యలో చేను మాత్రం బాగా ఎదిగింది. ఈలోగా చెరువుల్లో రొయ్యపిల్లల్ని వదిలేరు. గేటుకి తాళం పడింది. కోత వేళకి అక్క కూలీలని వెంటబెట్టుకుని వెళితే తాళం ఇవతల ఆవిడ, అవతల బావ.

"తియ్యవయ్యా."

"ఆయన వద్దన్నాడే."

"నేను నీ పెళ్ళాన్ని."

"కాదన్నానా? పెళ్ళాన్ని రానివ్వొచ్చని ఆయన చెప్పలేదు."

కూలికొచ్చిన ఆడవాళ్ళు బావని వదల్లేదు. "ఇంట్లో తలుపు కూడా ఇలాగే వేసుకుంటాడా, ఏవమ్మా?" అని ఒకావిడ. "రాత్రికి వండిపెట్టకు, ఆ తాళం కప్పే చప్పరిస్తాడు," అని ఇంకొకావిడ. బావ కూడా నవ్వబోయి, పైన కెమెరా వైపు చూసి, నవ్వు మింగేసేడు.

మధ్యాహ్నం అక్కని తీసుకుని నేను చెరువులాయన దగ్గరికి వెళ్ళేను. మేత గోదాం దగ్గర ఉన్నారు. కుర్చీలు వేయించేరు, మజ్జిగ ఇప్పించేరు. అక్క కూర్చోలేదు.

"కోతకొచ్చిందండి చేను. తమరు దయుంచి తాళం తీయించండి."

"ఎలాగమ్మా? అంతమంది కాళ్ళు. ఏ చెరువులోంచి ఏ చెరువులోకి ఏం మోసుకొస్తారో తెలీదు కదా. రోగం తగిలితే నేను లేవలేనండి. పట్టుబడి అవనివ్వండి, నేనే కబురు పెడతాను."

"కాళ్ళు మందులో ముంచుకునే వెళ్తామండి."

"ముంచుకుంటారు. మోపుల సంగతో? గడ్డి రాలదూ?"

అప్పుడే మేత లారీ ఒకటి మా పక్క నుంచి బయటికి వెళ్ళింది. అక్క దాన్ని చూసింది.

"లారీ రోజూ వస్తంది కదండీ. దానికి లేదా రోగం?"

"దానికి టైర్లకి మందు కొడతామమ్మా."

"మాకూ కొట్టండి."

ఆయన నిజంగానే ఆలోచించేరు. పక్కనున్న సూపర్వైజరు వైపు కూడా చూసేరు. తరవాత మెల్లగా, "అది మనుషులకి కొట్టే మందు కాదమ్మా, ఒళ్ళు కాలుతుంది," అన్నారు. ఆ మాటలో జాలే ఉంది. అక్క "ఆయ్" అంది. పెద్దవాళ్ళు చెప్పిందానికి మా వాళ్ళు ఎలా అంటారో అలాగే అంది.

ఆ తరవాత బావ తనే ఒక పని చేసేడు. తెల్లవారుజామున గేటు వదిలి, కొడవలి పట్టుకుని చేలోకి వెళ్ళి కోయడం మొదలుపెట్టేడు. లోపలుండే మనిషి కాబట్టి తన కాళ్ళకి అభ్యంతరం లేదనుకున్నాడు. కోసిన వరిని అలవాటు ప్రకారం పనలు పరిచి ఆరబెట్టేడు. చేనులో ఒక మూల పూర్తయ్యేసరికి ఫోను మోగింది. "గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉందేంటండీ? ఒంట్లో బాలేదా?" అని అడిగేరు చెరువులాయన. అంతే. ఒక్క గట్టిమాట లేదు. బావ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ జీతం పోతే అక్క షెడ్డుకి వెళ్ళాలి. కువైట్ నుంచి వచ్చేక మళ్ళీ ఒకరి కింద పని చెయ్యనని ఆవిడ ఒట్టు పెట్టుకున్న సంగతి అతనికి తెలుసు.

అల్పపీడనం పట్టింది. కార్తీకంలో మాకు అది కొత్త కాదు. అందుకే చేను పండగానే తొందరపడతాం. వాన మొదలవగానే అక్క గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది. తియ్యమని అడగలేదు. ఊచల్లోంచి చేను వైపు చూస్తూ నిలబడింది. బావ గొడుగు ఇవ్వబోతే తీసుకోలేదు. చెరువుల్లో నీళ్ళు పెరుగుతుంటే పంపులు పెట్టి బయటికి తోడేరు. ఆ నీళ్ళకి పల్లం అక్క చేనే. కావాలని వదిలేరో, పల్లానికి పారేయో నేను చెప్పలేను. ముందు బావ కోసి పరిచిన పనలు మునిగేయి. అవే ముందు మొలకెత్తేయి. అతను కొయ్యకుండా ఉంటే ఆ మూల ఇంకొన్నాళ్ళు నిలబడేదేమో. ఆ మాట అక్క అతనితో అనేసింది. అనకుండా ఉండవలసిన మాట.

వాన తగ్గేక పట్టుబడి జరిగింది. మంచి సైజు వచ్చిందని అందరూ చెప్పుకున్నారు. పట్టుబడి రోజు పనివాళ్ళకి చిన్న రొయ్యలు పంచడం రివాజు. బావ వాటా బకెట్టుతో ఇంటికొచ్చింది. బకెట్టు తెచ్చిన మనిషి, "అమ్మగారికి అయ్యగారు ప్రత్యేకంగా చెప్పేరండి, ఇంకో రెండు దోసిళ్ళు వెయ్యమని," అన్నాడు. అక్క వాటిని విసిరికొడుతుందనుకున్నాను. ఒలిచి, కడిగి, చింతచిగురు వేసి వండింది. ముగ్గురం తిన్నాం. కూర చాలా బాగుంది. ఆ సంగతి రాయడానికి నాకు కష్టంగానే ఉంది.

మర్నాడు తాళం తీసేరు. ఆ రోజు గట్టు మీద చెరువులాయన మరో మాట కూడా అన్నారు. "ఎందుకమ్మా ఈ అవస్థ? ఈ అరెకరం కూడా మాకు కౌలుకిచ్చెయ్యండి. చెరువు చేసుకుంటాం. కౌలు ఇంటికే పంపిస్తాను. మీరెవరూ ఇటు నడవక్కర్లేదు."

"నడవడానికే కొనుక్కున్నానండి," అంది అక్క.

"మీ ఇష్టమమ్మా," అన్నారాయన.

అక్క కౌలుకివ్వలేదు. ఆ వేసవి దాళ్వా వెయ్యలేదు, నీళ్ళు లేవు. తరవాతి సార్వాకి నాట్లు కూడా పడలేదు. ఉప్పు తేరిన నేలలో కూలీలు దిగం అన్నారు. ఇప్పుడక్కడ తుంగ మొలిచింది. చుట్టూ చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు తిరుగుతుంటే మధ్యలో ఆ ఒక్క ముక్క బీడుగా ఉంది. ఆవిడ రోజూ ఆటో ఎక్కి షెడ్డుకి వెళుతోంది. ఐసు నీళ్ళకి వేళ్ళ చివర్లు తెల్లగా నానిపోయి ఉంటాయి. బావ ఇంకా ఆ గేటు దగ్గరే ఉన్నాడు. ఇంట్లో ఇద్దరూ అవసరానికి మాత్రం మాట్లాడుకుంటారు.

చేనుకి దారి ఇప్పించమని సోమవారం గ్రీవెన్సులో అర్జీ పెట్టేం. ఆ చేల మధ్య నుంచి ఒకప్పుడు బళ్ళు తిరిగిన పుంత ఉండేదని, అది ఇప్పుడు చెరువు గట్టులో కలిసిపోయిందని ఊళ్ళో పెద్దవాళ్ళు ఇద్దరు చెప్పేరు. మరో ఇద్దరు అలాంటిదేం లేదన్నారు. వాళ్ళ చేలు చెరువులాయనకి కౌలుకున్నాయి. సర్వేయరు గారు గొలుసు తీసుకుని వచ్చేరు. అప్పటికి చెరువుల్లో కొత్తగా రొయ్యపిల్లల్ని వదిలేరు. బావ చెరువులాయనకి ఫోను చేసి అడిగి, తాళం తీయలేదు. పట్టుబడి అయ్యేక వస్తానని సర్వేయరు గారు బండి తిప్పేసేరు. ఆ పట్టుబడి అయింది. ఆయనకి బదిలీ కూడా అయింది. కొత్తగా వచ్చినాయన ఇంకా మా ఊరు రాలేదు. పుంత ఉందో లేదో ఈ రోజు వరకూ ఎవరూ కొలవలేదు.